ముందే వచ్చిన పరామర్శ

ఫోన్ వచ్చినప్పుడు మిషన్‌లో ఒక పేషెంటు ఉన్నాడు. మోకాలి స్కాన్. సగం అయింది, ఇంకో పది నిమిషాలు పడుతుంది. అవతల మా పెద్దమ్మ కొడుకు. నాకు అన్న. "తమ్మీ, అమ్మ పోయింది రా" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ పక్కనున్నవాళ్లకు ఇచ్చేశాడు. నేను మైకు నొక్కి లోపలి మనిషితో "కదలకండి, అయిపోవచ్చింది" అన్నాను. రోజుకు ఇరవైసార్లు చెప్పే మాటే. మధ్యలో ఆపితే పాపం ఆయన మళ్లీ మొదటి నుంచి పడుకోవాలి. పూర్తి చేసి, ఆయన్ని దింపి, చెప్పులు వేసుకునేదాకా నిలబడి, అప్పుడు వెనక మెట్ల మీదికి వెళ్లి కూర్చుని ఏడ్చాను. పెద్దమ్మ చూసి ఉంటే మెచ్చుకునేదే. "ముందుగాల పని కానియ్యి, ఏడుపు యాడికి వోతది" అనడం ఆమె అలవాటు.

ఆమె మా అమ్మకు అక్క. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన, నీలం టార్పాలిన్ పట్టా కింద, నలభై ఏళ్లు చేపలమ్మింది. చెరువు నిండిన ఏడాది చెరువు చేప, ఎండిన ఏడాది ఐసు పెట్టెల్లో వచ్చిన చేప. ఐసు చేపను మాత్రం చెరువు చేప అని ఎన్నడూ అనలేదు. అడగకముందే చెప్పేది: "ఇది నిన్నటి లారీది బిడ్డా, ఇష్టముంటె తీస్కో." కొనేవాళ్లు కళ్లు చూసి, తోక చూసి, వేలితో పొడిచి చూస్తుంటే ఆమె కోపంగా చేపను లాక్కుని మొప్ప ఎత్తి చూపేది. "మొకం చూసుడు గాదు, గిట్ల ఎత్తి చూడాలె. అడిగితే చేప చెప్తదా?"

మా చుట్టూ ఊళ్లు వెంచర్లుగా మారుతున్న రోజులవి. తుక్కుగూడ దిక్కు నుంచి కార్లలో కొత్త గిరాకీ వచ్చేది. ప్లాటు చూసుకుని, పోతూ పోతూ చేపలు పట్టుకుపోయేవాళ్లు. వాళ్లలో ఒకామె ముళ్లు లేని చేప కావాలంది. పెద్దమ్మ కత్తిపీట మీది నుంచి తలెత్తి ఆమెను పైనుంచి కిందికి చూసి, "ముల్లు లేకుంటె చేప ఎట్ల ఈదుతది తల్లీ? నీకు బొక్కల్లేవా?" అంది. ఆమె నవ్వి రెండు కిలోలు తీసుకుపోయింది. ఎవరితోనైనా అలాగే మాట్లాడేది, ఎవరూ కోపం తెచ్చుకునేవారు కాదు. నేను ఈ స్కానింగు చదువుకు పోతానంటే ఇంట్లో అందరూ "డాక్టరు గాదు, కాంపౌండరు గాదు, అదేం చదువు" అన్నారు. ఆమె ఒక్కతే బజారంతా చెప్పుకుంది: "నా చెల్లె కొడుకు మనిషిని కొయ్యకుంట లోపల చూస్తడు."

ఆ లోపల చూడటం చివరికి ఆమె దగ్గరికే వచ్చింది.

కంటి శుక్లం ఆపరేషన్‌కని రక్తపరీక్ష చేస్తే ఏదో ప్రోటీను ఎక్కువుందన్నారు. అక్కడి నుంచి పెద్ద దవాఖానకు పంపారు. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి చూశారు. డాక్టరమ్మ ఓపికగల మనిషి, మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది. ఇది మూలుగలో పుట్టే రక్తపు క్యాన్సర్. ఇప్పుడు మొదటి మెట్టు మీద ఉంది, ఇంకా లేవలేదు. కొందరిలో ఏళ్లకేళ్లు అలాగే పడుంటుంది. కొందరిలో తొందరగా లేచి ఎముకల్ని తినేస్తుంది. అప్పుడు తుమ్మితే కూడా వెన్ను విరగొచ్చు. ఎవరిది ఏ దారో రక్తం కొంత చెబుతుంది, ఒళ్లంతా తీసే స్కాన్ ఇంకొంత చెబుతుంది. ఎముకకు రంధ్రం పడకముందే లోపల మూలుగలో మచ్చ కనపడుతుంది. "స్కాన్ అంటే జాతకం కాదమ్మా, ఎప్పుడు లేస్తుందో తారీఖు చెప్పలేదు. కానీ లేచే సూచన ముందే కనపడితే, ఎముక విరగకముందే మందు మొదలుపెట్టొచ్చు. అందాకా మందు లేదు."

"మందు లేదా?" అంది పెద్దమ్మ. "అంటే స్టాక్ అయిపోయిందా అమ్మా, రేపు రమ్మంటవా?"

డాక్టరమ్మకు నవ్వాగలేదు. మందు ఉందనీ, ఇప్పుడే వేస్తే దాని బాధ తప్ప లాభం లేదనీ చెప్పింది. పెద్దమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది. తర్వాత అడిగింది ఒక్కటే.

"నాకు సావంటె ఫికర్ లేదు. నడుం ఇరిగి మంచంల పడొద్దు. గది ఆపుతవా?"

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ అన్నకూ తెలుసు. ఆమె అత్తగారు తుంటి విరిగి నాలుగేళ్లు మంచంలో ఉంది. ఎత్తిందీ, కడిగిందీ, ఒరుపులకు పౌడరు రాసిందీ పెద్దమ్మే. తెల్లవారుజామున ముసలామెను శుభ్రం చేసి, చేతులు కడుక్కుని, చేపల గంప ఎత్తుకునేది. ఆ నాలుగేళ్లలో ఆ ముసలామె మొహం గోడ వైపు తిప్పుకుని ఏడ్చేదట, కోడలి చేత చేయించుకుంటున్నందుకు. పెద్దమ్మ పని గురించి ఎన్నడూ చెప్పుకోలేదు, ఆ ఏడుపు గురించి మాత్రం చెప్పేది.

"ఆపడానికే ఏటేటా స్కాన్" అంది డాక్టరమ్మ.

ఇంతవరకూ బాగానే ఉంది. కథ చెడగొట్టింది మా అన్న. కొంగరకలాన్ ఫ్యాక్టరీ బస్సు నడుపుతాడు, నోట్లో నువ్వుగింజ నానదు. ఒక్కరికే చెప్పానంటాడు ఇప్పటికీ. మూడో రోజుకల్లా మా చుట్టాలందరికీ తెలిసింది, అదీ సగం. "క్యాన్సర్. మందు లేదట." ఇక చూడండి. ఆటోల్లో, బస్సుల్లో పరామర్శకు దిగారు. ఆపిల్ పండ్లు, బత్తాయిలు, బ్రెడ్డు ప్యాకెట్లు. వచ్చినవాళ్లు వాకిట్లోనే కొంగు నోట్లో కుక్కుకుంటుంటే, చూడవలసిన మనిషి వాకిట్లోనే పీట వేసుకుని చేప పొలుసు గీకుతోంది. చావబోయే మనిషి ఎలా ఉండాలో అలా లేదు. ఏడవాలో వద్దో తెలియక నిలబడ్డారు పాపం.

జల్‌పల్లి అత్త మాత్రం ఆగలేదు. ఆమె పెద్దమ్మకు పెద్ద ఆడబిడ్డ, ఆ మంచంలో పడ్డ ముసలామెకు సొంత కూతురు. గేటు దగ్గర్నుంచే రాగం ఎత్తుకుంది. "నా తల్లిని సాకితివి, నాకంటె ముందుగాల పోతున్నవా పిల్లా!"

"ఇంక పోలే వదినె, లోపల్కి రా" అంది పెద్దమ్మ. "పులుసైతున్నది. తిని ఏడుద్దువు."

ఆ వారం రోజులు వచ్చినవాళ్లందరికీ బొచ్చె చేప పులుసు పెట్టింది. వాళ్లు తెచ్చిన పండ్లు వాడలో పిల్లలకు పంచింది. నిజం చెప్పాలంటే ఆమెకు ఆ వారం నచ్చింది. "మనిషి పోయినంక వచ్చి ఏం చెప్తరో నేను బతికుండంగనే విన్న కొడుకా, మస్తు మంచిగ చెప్పిన్రు" అని నవ్వింది.

మొదటి స్కాన్ నా దగ్గరే అయింది. లోహం ఏదీ ఉండకూడదంటే మట్టెలు తీసింది, ముక్కుపుల్ల దగ్గర మొండికేసింది. పెళ్లినాడు పెట్టింది, ఎన్నడూ తీయలేదట. మా సిస్టరు సబ్బునీళ్లతో అరగంట తంటాలు పడి తీసింది. చేతి మీది పచ్చబొట్టు చూపించి "మరి గిది ఎట్ల తీస్తవ్?" అని సవాలు చేసింది. భయమైతే నొక్కమని చేతిలో రబ్బరు బుడ్డ పెడితే ఐదు నిమిషాలకోసారి నొక్కింది. "ఏమైంది పెద్దమ్మా?" అని అడిగితే, "ఏం లేదు, నువ్వున్నవా లేవా అని" అంది. ముప్పావు గంట పట్టాల్సింది గంటన్నర పట్టింది. బయటికొచ్చి, "బోరు బండి నా మీద్నుంచే వోయినట్టున్నది" అంది.

తుంటిలో ఒక చిన్న మచ్చ కనపడింది, కందిగింజంత. మా ఉద్యోగంలో ఒక కట్టుబాటుంది. మేం ఫోటో తీస్తాం, చదివేది డాక్టరు. మేం చూసింది నోటితో చెప్పకూడదు. పెద్దమ్మకు కాగితంతో పనే లేదు. నా మొహం కేసి అలా చూసి, "ఏదో ఉన్నది, కొంచెమే ఉన్నది" అంది. మొహం చూడటం కాదు, ఎత్తి చూడాలని ఊరందరికీ చెప్పే మనిషి, నా విషయానికొచ్చేసరికి మొహమే చదివేది. రెండోసారికి నేను మాస్కు వేసుకున్నాను. "మూతి దాసిపెట్టినవ్, కండ్లేం జేస్తవ్?" అంది. మచ్చ అంతే ఉంది, పెరగలేదు. ఒక్కటే అయితే ఆగి చూడాలన్నారు, ఆగాం.

రెండేళ్లు గడిచాయి. పెద్దమ్మ గట్టిగా ఉంది, గంప ఎత్తుతూనే ఉంది. అక్కడే వచ్చింది తంటా. నేను ఈ పనిలో రకరకాల మనుషుల్ని చూశాను కానీ, బతికున్నందుకు మనిషి మీద ఊరికి కోపం రావడం అప్పుడే చూశాను. బాకీ పడ్డట్టు చూసేవాళ్లు. "ఏమాయె, నీకేం గాలేదు గదా?" అని ఒకామె. "దవాఖానోళ్లు ఉత్తగ భయపెట్టిన్రు" అని ఇంకొకాయన. ఒక పెళ్లిలో, పదిమంది తింటున్న చోట, జల్‌పల్లి అత్తే అనేసింది. "క్యాన్సరని చెప్పి మాతోని ఏడిపిచ్చుకున్నది. నేను మూడొద్దులు బువ్వ తినలే. చూడు, ఎట్ల రాయి లెక్క తిరుగుతున్నదో."

పెద్దమ్మ చేయి కడుక్కుని లేచొచ్చేసింది. నిన్నటి చేపను నేటిదని చెప్పని మనిషిని పట్టుకుని అబద్ధాలకోరు అన్నారు. ఆ యేడు స్కాన్ తారీఖు వస్తే రానంది.

"ఏమని రావాలె? మళ్ల దవాఖానకు వోతె మళ్ల నాటకమంటరు. నేను దొంగను గాను."

నేను బతిమాలాను. మచ్చ ఉందన్నాను, చూడకపోతే తెలియదన్నాను. వారం ఆగి మళ్లీ వెళ్లాను. నెల ఆగి మళ్లీ వెళ్లాను. మూడోసారి నాకు ఒళ్లు మండింది. నాకు కోపమొస్తే నోటికి తాళం ఉండదు, ఇంట్లో అందరికీ తెలుసు. "అయితే ఉండు. మీ అత్త లెక్క మంచంల పడు. నిన్ను కడిగేటందుకు ఇంకో కోడలున్నదా?" అనేశాను.

అన్నకు పెళ్లి కాలేదు.  పెద్దమ్మ కత్తిపీట కడిగి గోడకు ఆనించి లోపలికి పోయింది. ఆ మాట తిరిగి తీసుకోగలిగితే ఒక సంవత్సరం జీతం ఇచ్చేవాణ్ని. రెండు నెలలు ఆ దారిన పోలేదు నేను, మొహం చెల్లక.

తర్వాత ఒక మంగళవారం పొద్దున రిసెప్షన్ వాళ్లు పిలిచారు, మీవాళ్లు వచ్చారని. వెళ్లి చూస్తే పెద్దమ్మ, పక్కన జల్‌పల్లి అత్త. ఇద్దరూ ఎడమొహం పెడమొహం. పెద్దమ్మ అప్పటికే మట్టెలు తీసి కొంగున కట్టుకుంది.

"ఈమెను నీ పక్కకు కూసోవెట్టుకో" అంది నాతో. "అబద్ధమన్నది గదా. నన్ను ఎత్తి చూపియ్యి."

అలా కుదరదన్నాను, రూల్సు ఒప్పుకోవన్నాను. "నా బొక్కలు నావి, నేను చూపియ్యమంటున్న" అంది. మా పెద్దసారును అడిగాను. ఆమె చేత ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేయించుకుని సరేనన్నాడు. పెద్దమ్మ మట్టెలు అత్త కొంగున కట్టించి, ఆమెను అద్దం ఇవతల నా పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాను. ఆమెకు అప్పటికే సగం భయం.

ఒక్కో బొమ్మా తెర మీదికి వస్తోంది. మెడ, భుజాలు, పక్కటెముకలు. అత్త కళ్లప్పగించి చూస్తోంది. "గిది మా పిల్లేనా?" అంది మెల్లగా. అవునన్నాను. "గింత సన్నగున్నదా లోపల?" అంది. నడుము దగ్గరికొచ్చింది. నాలుగో పూసలో ఒక మచ్చ. పోయినసారి లేదు. కిందికొస్తే తుంటిలో పాత కందిగింజ శనగగింజయింది. దాని పక్కన ఇంకొకటి.

చూసింది నేను చెప్పకూడదు. మౌసు కూడా కదపలేదు. మాస్కు ఉంది మొహానికి. అయినా జల్‌పల్లి అత్త తెరను వదిలి నా వైపు చూస్తోందని తెలుస్తోంది. చాలాసేపు చూసింది. పెద్దమ్మలాగే చదివింది. తర్వాత రెండు చేతులతో నోరు మూసుకుంది. మొదటిసారి గేటు దగ్గర్నుంచే రాగం ఎత్తిన మనిషి, ఈసారి చప్పుడు కూడా చేయలేదు.

స్కాన్ అయింది. నేను లేచేలోపే అత్త లోపలికి పోయింది. పెద్దమ్మ బల్ల అంచున కాళ్లు వేలాడేసి కూర్చుని ఉంది. అత్త తన ముసలి మోకాళ్లు వంచి కింద కూర్చుంది. తన కొంగుముడి విప్పింది. ఒక్కో మట్టె తీసి మరదలు వరసైన మనిషి పాదానికి తొడిగింది.

"ఏందిది వదినె, పెద్దదానివి, నా కాళ్లు వట్టుకుంటవా? లే!"

"నా తల్లి కాళ్లు నువ్వు వట్టలేదా?" అంది అత్త. "ఊకో."

పెద్దమ్మ తలెత్తి అద్దం వెనక నన్ను చూసింది. చూసి తలూపింది, సరే తెలిసింది అన్నట్టు.

బయట బెంచీ మీద నేను పక్కన కూర్చుని, "పెద్దమ్మా, ఆ రోజు నోరు జారిన" అన్నాను. ఆమె నా తొడ మీద ఒకటి చరిచింది. "నువ్వు తిట్టినవని రాలే. నువ్వు రెండు నెల్లు రాకుంటె వచ్చిన. మంచి రవ్వ చేప వచ్చినప్పుడల్లా పక్కకు తీసి వెట్టిన, ఎవ్వడు తింటడు?"

డాక్టరమ్మ బొమ్మలన్నీ చూసి సమయానికి వచ్చారంది. రక్తం రిపోర్టులో పెద్ద తేడా లేదట. నొప్పి లేదు, ఎముక ఇంకా చెక్కుచెదరలేదు. స్కాన్ లేకపోతే ఇంకో ఏడాది హాయిగా గంప ఎత్తి, ఏదో ఒకనాడు ఆ గంప కిందనే కూలిపోయేదంది. "నా దగ్గరికి విరిగాక వచ్చేవాళ్లే ఎక్కువ. మీరు ముందొచ్చారు."

మందు మొదలైంది. వారానికో ఇంజెక్షన్ పొట్ట మీద, రోజూ మాత్రలు. సులువేం కాదు. అరికాళ్లు తిమ్మిరెక్కేవి, రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు, చేప వాసనకే కడుపులో తిప్పేది. చేపలమ్మే మనిషికి అంతకంటే శిక్ష ఏముంటుంది! ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చునేది. ప్రతి ఇంజెక్షన్‌కూ జల్‌పల్లి నుంచి అత్త వచ్చేది, ఒక్కసారీ పండ్లు తేలేదు. ఇద్దరూ దవాఖాన బెంచీ మీద కూర్చుని పాత తగాదాలు మొదటి నుంచి చివరిదాకా మళ్లీ ఆడుకునేవాళ్లు. ఏడాది తిరిగేసరికి మచ్చలు మసకబారాయి. గంప మాత్రం అన్న ఎత్తేవాడు, అది డాక్టరమ్మ పెట్టిన షరతు. పెద్దమ్మ పట్టా కింద కూర్చుని మొప్పలెత్తి చూపించేది. అలా ఐదేళ్లు. ఈ వ్యాధి మళ్లీ మళ్లీ లేస్తుందని మాకు తెలుసు, ఆమెకూ తెలుసు. లేచినప్పుడల్లా స్కాన్ ముందే చెప్పింది, మందు మార్చారు. ఎముక ఒక్కటి విరగలేదు.

పోయిన వానల్లో మందులకు ఒంట్లో బలం తగ్గి, ఛాతీలో నెమ్ము చేరింది. వారం రోజులు జ్వరం. దవాఖాన నుంచి ఇంటికొచ్చిన మూడోనాడు పొద్దున, అన్న చెయ్యి పట్టుకోబోతే వద్దని, తానే బాత్రూముకు నడిచిపోయింది. మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. అన్న చాయ్ తెచ్చేసరికి లేదు.

దహనమైన మూడో రోజు ఎముకలు ఏరడానికి అన్నా, నేనూ వెళ్లాం. వెంట వచ్చిన కులపెద్ద పాలూ నీళ్లూ చల్లించి, "కాళ్ల దిక్కు నుంచి మొదలువెట్టి తలకాయ దాక రావాలె" అన్నాడు. అన్న కూర్చున్నాడు కానీ బూడిదలో చెయ్యి పెట్టలేదు. "నాకు ఏది ఏందో తెల్వదు తమ్మీ. నువ్వే ఏరు" అని కుండ నా వైపు జరిపాడు. నాకన్నీ తెలుసు. ఇన్నేళ్లు చీకటి గదిలో, నలుపు తెలుపుల్లో, ఆమెకంటే ఎక్కువగా ఆమె ఎముకల్ని చూసినవాణ్ని. పాదం, పిక్క, తుంటి, ఒక్కొక్కటే కుండలో వేస్తూ పైకి వచ్చాను. అప్పుడు దొరికింది నడుము పూస, ఇరుపక్కలా రెక్కలతో. నాలుగోదో ఐదోదో అంత కచ్చితంగా చెప్పలేను. ఎక్కడా విరగకుండా, నిండుగా ఉంది.

"ఏంది తమ్మీ అది?" అన్నాడు అన్న.

"పెద్దమ్మ నడుము" అన్నాను.

ఎన్నిసార్లు చూశానో, ముట్టుకోవడం ఆ రోజే. పాలు చల్లినా అరచేతిలో ఇంకా గోరువెచ్చగా ఉంది. చల్లారేదాకా దాన్ని కుండలో వేయలేకపోయాను.